ఉన్న ఫైల్ లేదంటుంది

ఫైల్ కళ్లెదుటే ఉంటుంది. ఎల్‌ఎస్ కొడితే పేరు, సైజు, పర్మిషన్లు అన్నీ కనిపిస్తాయి. నడపబోతే మాత్రం ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అని టెర్మినల్ మొండికేస్తుంది. కొన్నాళ్ల క్రితం మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఒక సాయంత్రమంతా దీంతో కుస్తీ పట్టాడు. ప్రోగ్రాంని మూడుసార్లు డౌన్‌లోడ్ చేశాడు. ఎస్‌డీ కార్డు తుడిచేసి ఓఎస్ మళ్లీ ఎక్కించాడు. చివరికి రాస్ప్‌బెర్రీ పై బోర్డు పట్టుకుని వచ్చాడు. "అన్నా, ఉన్న ఫైల్‌ని లేదంటోంది" అన్నాడు.

నాకు ఈ పని నేర్పిన సీనియర్ ఒక్క విషయంలో గట్టిగా పట్టుబట్టేవారు. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే ఆనవాళ్లు చెరిగిపోతాయి, జబ్బు అలాగే ఉంటుంది, అందుకని ముందు ఫైల్‌ని అడుగు అనేవారు. లైబ్రరీని ఒక ప్రాసెసర్ కోసం కట్టి ఇంకో ప్రాసెసర్ మీద పెట్టినప్పుడు వచ్చే చిక్కులను విప్పే విద్య ఇది. పుస్తకం చదివి నేర్చుకున్నవాళ్ల కన్నా, పక్క కుర్చీలో కూర్చుని చూసి నేర్చుకున్నవాళ్లనే నేను ఎక్కువగా చూశాను.

లినక్స్‌లో ప్రతి బైనరీకి, ప్రతి షేర్డ్ లైబ్రరీకి నుదుటి మీదే ఊరూ పేరూ రాసి ఉంటాయి. కుర్రాడికి ఎక్స్‌ఎక్స్‌డీతో మొదటి 20 బైట్లు తెరిచి చూపించాను. 7ఎఫ్ 45 4సీ 46. చివరి మూడూ ఈ, ఎల్, ఎఫ్ అక్షరాలు. అయిదో బైటు 1 అయితే 32 బిట్, 2 అయితే 64 బిట్. పందొమ్మిదో బైటులో ప్రాసెసర్ జాతి ఉంటుంది. 3ఈ అంటే ఇంటెల్, ఏఎమ్‌డీ చిప్‌ల ఎక్స్86-64. బీ7 అంటే 64 బిట్ ఆర్మ్. 28 అంటే 32 బిట్ ఆర్మ్. ‘ఫైల్’ అనే కమాండ్ ఈ బైట్లనే చదివి మనకు అర్థమయ్యే మాటల్లో చెబుతుంది. అయినా ఒక్కసారైనా వాటిని కళ్లారా చూడాలంటాను. చూసినవాడికి ‘రాంగ్ ఈఎల్‌ఎఫ్ క్లాస్’ అనే ఎర్రర్ వస్తే, అది అయిదో బైటు గొడవేనని చప్పున తెలిసిపోతుంది.

మా ఫైల్లో బీ7 ఉంది. బోర్డు మీద యూనేమ్ కొడితే ‘ఏఆర్చ్64’ అంది, అంటే అదీ 64 బిట్ ఆర్మే. రెండూ ఒకటే కదా, మరి తగువెక్కడ?

యూనేమ్ చెప్పేది కెర్నల్ సంగతి మాత్రమే. 2023 నుంచి రాస్ప్‌బెర్రీ పై 32 బిట్ ఓఎస్ కూడా, కొన్ని బోర్డుల మీద, 64 బిట్ కెర్నల్‌తోనే బూట్ అవుతోంది. దాని మీద నడిచే సంసారమంతా, అంటే షెల్, లైబ్రరీలు, ప్యాకేజీలు, 32 బిట్‌వే. ప్యాకేజీల లెక్క చూసే డీపీకేజీని ఆర్కిటెక్చర్ ఏమిటని అడిగితే ‘ఆర్మ్‌హెచ్‌ఎఫ్’, అంటే 32 బిట్ ఆర్మ్, అని అసలు మాట చెప్పింది. ప్రోగ్రాంని కెర్నల్ గుర్తుపట్టింది, ఒప్పుకుంది కూడా. కానీ ఆ ప్రోగ్రాంకి కావాల్సిన లైబ్రరీలను పోగుచేసి పెట్టాల్సింది లోడర్. దాని చిరునామా ఫైల్లోనే ఉంది: /లిబ్/ఎల్‌డీ-లినక్స్-ఏఆర్చ్64.ఎస్‌ఓ.1. ఆ కార్డు మీద అది లేదు. టెర్మినల్ లేదన్నది ఆ లోడర్‌ని. కుర్రాడు తన ఫైల్‌ననుకున్నాడు.

ఆర్మ్‌హెచ్‌ఎఫ్ ప్యాకేజీ వేస్తే వెంటనే నడిచింది. వాడు బోర్డు డబ్బా మీద ‘కెర్నల్ 64, ఇల్లు 32’ అని రాసి అంటించాడు.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. ఏయే లైబ్రరీలు కావాలో చూడటానికి అందరూ ఎల్‌డీడీ కొడతారు. ముక్కూ మొహం తెలియని చోటు నుంచి వచ్చిన ఫైల్ మీద ఆ పని చెయ్యొద్దు. కొన్ని సందర్భాల్లో అది ఆ ప్రోగ్రాంనే నడిపేస్తుంది. రీడ్‌ఈఎల్‌ఎఫ్ అయితే చదివి ఊరుకుంటుంది.

2020లో యాపిల్ ఎం1 వచ్చాక ఈ చిక్కు చాలామంది డెవలపర్ల బల్ల మీదికి వచ్చింది. ల్యాప్‌టాప్ ఆర్మ్, సర్వర్ ఎక్స్86. ఇక్కడ కట్టిన కంటైనర్ ఇమేజ్ అక్కడ ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ అంటుంది. ఏ ప్లాట్‌ఫాం కోసమో చెప్పి కడితే తీరిపోతుంది.

ఇవన్నీ కేకవేసి చెప్పే తప్పులు. నాకు భయం నోరు మెదపనివాటితోనే. ఏళ్ల తరబడి ఎక్స్86 మీద చక్కగా నడిచిన ఒక సీ లైబ్రరీని లినక్స్ ఆర్మ్ కోసం మళ్లీ కంపైల్ చేశాం. ఎర్రర్ ఒక్కటీ లేదు. నడిపితే ఒక లూపులో పడి ఎంతకీ బయటికి రాలేదు. ఫైల్‌ని అడిగితే బీ7 అంది, అంతా సరిగ్గానే ఉంది. ఇలాంటిచోట రాసినవాడి కోడ్‌ని అడగాలి. జీడీబీ డీబగ్గర్ తగిలించి చూస్తే, ఫైలు అయిపోయిందని గెట్‌చార్ ఇచ్చిన -1 వేరియబుల్‌లో 255గా కూర్చుని ఉంది. ఆ వేరియబుల్ చార్. ఎక్స్86 మీద చార్‌లో మైనస్ అంకెలు పడతాయి. లినక్స్ ఆర్మ్ మీద, ప్రత్యేకంగా అడిగితే తప్ప, పట్టవు. 255 ఎన్నటికీ -1 కాదు కాబట్టి లూపు తిరుగుతూనే ఉంది.

చార్ కొట్టేసి ఇంట్ అని రాశాం. ఆ మార్పును ఎక్స్86 మీద కూడా ఓసారి నడిపి చూసుకుని, అప్పుడు కమిట్ చేశాం.