దండెత్తినవాడి పేరు

తుర్క్ అనేది ఒక జాతి పేరు. సంస్కృతంలో అది తురుష్క అయింది, తెలుగుకొచ్చేసరికి తురక అయింది. మాకు టర్కీతో చుట్టరికం లేదు. మాలో దూదేకి బతికినవాళ్ళున్నారు, మగ్గం నేసినవాళ్ళున్నారు, జట్కా తోలినవాళ్ళున్నారు. అయినా ఎప్పుడో గుర్రమెక్కి వచ్చినవాడి పేరు మా నెత్తిన అట్లాగే ఉండిపోయింది. శకులొచ్చారు, హూణులొచ్చారు. వాళ్ళ పేర్లు వాళ్ళతోనే పోయాయి. ఇవాళ ఎవర్నీ హూణుడా అని పిలవరు. యవనుడి సంగతి మరీ విచిత్రం. మొదట ఆ మాటకు అర్థం గ్రీకువాడు. గ్రీకులు వెళ్ళిపోయాక ఖాళీగా పడున్న మాటను తెచ్చి మాకు తొడిగారు.

పాతవాళ్ళంతా ఇట్లాగే రాశారా అంటే, అదీ కాదు. 1323లో ఓరుగల్లు పడిపోయింది. తర్వాత ప్రోలయ నాయకుడు వేయించిన విలస తామ్రశాసనం యవనుల దుర్మార్గాల్ని ఏకరువు పెడుతుంది. ఆ ఏడుపు దొంగ ఏడుపని మేం అనం. కానీ అదే శతాబ్దంలో విజయనగర రాజులు 'హిందూరాయ సురత్రాణ' అని బిరుదు పెట్టుకున్నారు. సురత్రాణ అంటే ఇంకెవరో కాదు, సుల్తానే! కృష్ణదేవరాయలు 'యవనరాజ్య స్థాపనాచార్యు'డినని చెప్పుకున్నాడు. గోలకొండ ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవుల నోట మల్కిభరాముడయ్యాడు. తొలి అచ్చ తెలుగు కావ్యం యయాతి చరిత్రను పొన్నికంటి తెలగన్న అంకితమిచ్చింది అమీన్‌ఖానుకు. ఆ కాలంలో రాజుల్ని అశ్వపతి, గజపతి, నరపతి అని లెక్కపెట్టేవారు. ఎవరికి గుర్రాలున్నాయి, ఎవరికి ఏనుగులున్నాయి, ఎవరికి కాల్బలం ఉంది అన్నదే ఆ లెక్క. నమాజు సంగతి అందులో లేదు.

అసలు చిక్కంతా పాఠ్యపుస్తకంతో వచ్చింది. తెలుగులో ఒకడు సైన్యంతో పక్కరాజ్యం మీద పడితే చెప్పడానికి ఎన్ని మాటలో! దిగ్విజయం, జైత్రయాత్ర, దండయాత్ర, దురాక్రమణ. ఏ మాట ఎవరికి పంచారో చూడండి. గజనీ మహమ్మద్ 1025-26లో సోమనాథ్ మీద పడ్డాడు. దాదాపు ఆ రోజుల్లోనే రాజేంద్ర చోళుడి నౌకాదళం సముద్రం దాటి శ్రీవిజయం మీద పడింది. అంతకు కొద్దికాలం ముందు ఆయన సైన్యం గంగ దాకా వెళ్ళొచ్చింది, 'గంగైకొండ' బిరుదు అట్లా వచ్చిందే. ఇద్దరూ సొమ్ము తెచ్చుకున్నారు. ఒకడు 'దోచుకున్నాడు', ఒకడు 'జయించాడు'. గజనీ దోచుకోలేదని వాదించడానికి మేం రాలేదు. దోచుకున్నాడు. ఆ క్రియాపదం ఒక్కడికే ఎందుకు మిగిలిందన్నదే మా పేచీ. మార్కులు పోతాయని దాన్నే బట్టీ పట్టే ముస్లిం పిల్లలున్నారు. తరగతిలో మిగతా పిల్లలు వెనక్కి తిరిగి చూసేది వాళ్ళనే.

బెంగాలీల్ని చూడండి. 1740లలో నాగపూరు భోంస్లేల గుర్రపు దండులు వాళ్ళ పల్లెల్ని ఏళ్ళ తరబడి తగలబెట్టాయి. ఆ దండుకు బెంగాలీలు పెట్టిన పేరు బర్గీ. బార్గీర్ అనే ఫార్సీ మాట నుంచి వచ్చింది, సర్కారిచ్చిన గుర్రమెక్కే సిపాయి అని అర్థం. జోలపాటల్లో కూడా బర్గీలొచ్చి పడ్డారు. అందులో మతం లేదు, కొలువు ఉంది. 1791లో శృంగేరి మఠాన్ని కొల్లగొట్టింది మరాఠా సైన్యం, మళ్ళీ నిలబెట్టడానికి సొమ్ము పంపింది టిప్పు సుల్తాన్.

మరి మా ఉర్దూ సంగతి? అది కూడా కడిగిన ముత్యమేమీ కాదు. తారిఖ్ 711లో స్పెయిన్‌లో దిగితే అది 'ఫతహ్'. 1492లో గ్రనడా చేజారితే 'సుఖూత్', అంటే పతనం. మనం వెళితే గెలుపు, వాళ్ళొస్తే హమ్లా! చరిత్ర నవలల్లో ఈ గాజీల గుర్రపు డెక్కల చప్పుడుతో చెవులు చిల్లులు పడతాయి. అయితే ఆ ఉర్దూయే ఇంకో పని కూడా చేసింది. 1739లో ఢిల్లీలో ఊచకోత కోయించిన నాదిర్‌షా ముస్లిమే. అతని పేరుతోనే దౌర్జన్యానికి 'నాదిర్‌షాహీ' అని పేరు పెట్టింది. కొట్టినవాడు ఏ మతంవాడని చూడలేదు.

ఇంటికి దగ్గరి మాట రజాకార్. ఆ మాటకు అర్థం స్వచ్ఛందంగా పనిచేసేవాడు, అంతే. ఖాసిం రజ్వీ మనుషులు తెలంగాణ పల్లెల్లో చేసిన పనులతో అది తుపాకీ వాసన కొట్టే మాటయింది. అట్లా కావడం న్యాయమే. కానీ 1948 ఆగస్టులో రజాకార్లకు ఎదురు రాసి ప్రాణమిచ్చిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ రాసింది ఉర్దూలోనే. మఖ్దూం పోరాడింది నిజాం మీదనే. ఆ పేర్లు పక్కకు పోయి, ఎన్నికలొచ్చినప్పుడల్లా 'రజాకార్ల వారసులు' అనే మాట మాత్రం బయటికొస్తుంది. 2024లో ఆ పేరుతో తెలుగులో సినిమా కూడా వచ్చింది.

1948 సెప్టెంబరులో ట్యాంకులతో, విమానాలతో జరిగినదానికి పేరు 'పోలీసు చర్య'. ఇంత మెత్తటి మాట ఇంకే యుద్ధానికీ దొరకలేదు. తెలుగులో ఆ రోజు విలీనం, విమోచన, విద్రోహం. 2022లో కేంద్రం విమోచన దినమంటే రాష్ట్రం సమైక్యతా దినమంది. 2024లో అది ప్రజాపాలన దినమయింది. ఉర్దూలో మాత్రం సుఖూత్-ఎ-హైదరాబాద్. నిజాం గద్దె కోసం ఏడ్చే ఆ మాట మాకూ నచ్చదు. చచ్చిన రైతులు, కూలీలు అందులో పట్టరు.

ఆ తర్వాత జరిగిన చావులు తక్కువలో తక్కువ 27 నుంచి 40 వేలని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఎక్కువ దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలంది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. ఆ ఇళ్ళ ముసలమ్మల్ని అడిగితే 'పోలీస్ ఏక్షన్ మే గయే' అంటారు, వరదలో పోయారన్నట్టు. ఆ పోలీసు ఎవరో, పక్కన కత్తి పట్టుకొచ్చిన ఊరివాడెవరో చెప్పే మాట ఉర్దూలో లేదు, తెలుగులోనూ లేదు.