శాంతి బిళ్ల మీద ఖాళీ చోటు

తపాలా బిళ్ల రూపకల్పన చిత్రకళలో భాగమే అయినా, చిత్రకారుడి ఊహ కంటే కొలతల కట్టుబాటు ఎక్కువగా ఏలే విద్య. ఒక వ్యక్తినో సందర్భాన్నో తలచుకోవడానికి పరిమితంగా అచ్చువేసే స్మారక బిళ్లల్లో, మన దేశంలో తరచుగా కనిపించే కొలత సుమారు 39 మిల్లీమీటర్ల పొడవు, 29 మిల్లీమీటర్ల వెడల్పు కాగా, ఆ కాస్త జాగాలోనే దేశం పేరు నాగరి, రోమన్ లిపులలోనూ, వెల అంకెలలోనూ ఇమడాలి. ముఖానికో కట్టడానికో ఈ ఇరుకు పెద్ద అడ్డంకి కాదు, వాటికి రూపం ముందే ఉంది. శాంతికి అది లేదు. యుద్ధాన్ని గీయమంటే ఫిరంగులు, పొగ, కూలిన గోడలు చేతికందుతాయి గాని, అవేవీ లేకపోవడమే శాంతి కనుక, లేమిని చూపడం ఎలాగన్న చిక్కు ఈ పనికి పూనుకున్న ప్రతివారికీ ఎదురవుతుంది.

చేతికి తేలిగ్గా దొరికే జవాబు పావురం. నోవహు ఓడ కథలో ఆలివ్ ఆకును ముక్కున కరచుకుని తిరిగివచ్చిన ఆ పక్షి, 1949లో పారిస్ శాంతి మహాసభ పోస్టరు మీదికి చేరిన పికాసో బొమ్మతో లోకమంతటికీ పరిచయమై, మరుసటి ఏడాదే చైనా తపాలా బిళ్లల మీదికి ఎక్కింది. పికాసో పావురంలో ఈకల మెత్తదనం, కాళ్ల మీది కుచ్చులు కనిపిస్తాయి. అది ఫలానా పక్షి అనిపిస్తుంది. తరువాతివారు దానిని వట్టి గీతగా కుదించి, ఎక్కడ పెట్టినా ఒదిగే ముద్రగా మార్చేశారు. ఆలివ్ చెట్టును ఎన్నడూ చూడని గోదావరి డెల్టా చిత్రకారుడు ఆ కొమ్మకు బదులు మామిడి కొమ్మ గీసినంత మాత్రాన బొమ్మ సొంతమైపోదు. మామిడాకు మన గుమ్మాల్లో శుభాన్ని చాటుతుంది, శుభమూ శాంతీ ఒకటి కావు.

గోదావరి డెల్టాకు శాంతి బిళ్లతో పాత చుట్టరికమే ఉంది. రామచంద్రపురం, ద్రాక్షారామం దాటి సాగితే చేరే యానాం ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న కాలంలో, 1875లో ఫ్రాన్సు నడిపిన పోటీలో జూల్ ఓగూస్త్ సాజ్ అనే చిత్రకారుడి నమూనా గెలిచి, 1876లో బిళ్లగా వెలువడింది. భూగోళానికి ఒకవైపు శాంతి స్త్రీమూర్తిగా, మరొకవైపు వాణిజ్యం రోమనుల దేవుడు మెర్క్యురీ రూపంలో నిలిచి ఉండే ఆ చిత్రాన్నే ఫ్రెంచి వలసలన్నింటికీ ఉమ్మడి బిళ్లగా పంపారు. ఫ్రాన్సులో వాడే ప్రతులకు అంచుల వెంట చింపడానికి వీలైన చిల్లులు ఉంటే, వలసలకు వచ్చినవాటికి అవి ఉండేవి కావు, కత్తెరతో కత్తిరించుకోవలసిందే. వాటి మీద వలస పేరు కూడా లేనందున, బిళ్ల ఏ నేల మీద వాడారో తెలిపేది తపాలా ముద్ర ఒక్కటే. భారతదేశంలోని ఫ్రెంచి స్థావరాల పేరు బిళ్ల మీదికి వచ్చింది 1892లో. వర్తకంతో చేయి కలిపిన శాంతిని వలస ప్రజల ఉత్తరాలకు అతికించిన ఆ రాజ్యం, వారి పేరు వేయడానికి మాత్రం అన్నేళ్లు ఆగిందన్న సంగతిని, ఆ చిత్రపు నైపుణ్యాన్ని మెచ్చేవారు కూడా మరువరాదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక హైదరాబాదు సంస్థానం వెలువరించిన అణా బిళ్లది మరో దారి. విజయోత్సవం పేరిట వచ్చినా, దాని మీద ఉన్నది జెండా కాదు, తిరిగి వచ్చిన సైనికుడు తన కుటుంబాన్ని కలుసుకునే దృశ్యం. ఇంటిమనిషి ఇల్లు చేరడాన్ని మించి శాంతిని సూటిగా చెప్పే బొమ్మ అరుదు.

అయితే అన్నింటికంటే నిశితంగా ఆలోచించవలసినది 1956 మే 24న బుద్ధ జయంతి 2500వ సంవత్సరం సందర్భంగా వచ్చిన రెండు భారతీయ బిళ్లల గురించి. చిత్తరంజన్ పక్రాశి రూపొందించిన రెండణాల బిళ్ల మీద బోధివృక్షం ఉంది. పద్నాలుగణాల దాని మీద ఛత్రమూ, ఆ వృక్షమూ ఉన్నాయి. బుద్ధుడి రూపం రెండింటా లేదు. తపాలా ముద్ర సగం బిళ్ల మీద, సగం కవరు మీద పడేట్టు కొట్టడం ఆ బిళ్లను మళ్లీ వాడకుండా చేయడానికే కనుక, ముఖాన్ని గీస్తే నల్లసిరా ఆ ముఖం మీదే పడుతుంది. 1948 ఆగస్టు 15న వచ్చిన గాంధీ స్మారక బిళ్లలకు అది తప్పలేదు. చెట్టుకు ఆ బాధ లేదు. పైగా ఇది కొత్త ఉపాయమూ కాదు. అమరావతి స్తూపపు తొలినాటి శిల్పులు బుద్ధుణ్ణి మనిషిగా చెక్కక, ఖాళీ ఆసనం, పాదముద్రలు, చక్రం, బోధివృక్షం ద్వారా సూచించారు. చుట్టూ చేరిన భక్తులు చేతులు జోడించి చూసే ఆ ఆసనం మీద ఎవరూ లేరు, అయినా చూపంతా అక్కడికే పోతుంది. ఈ పద్ధతిని పండితులు ప్రతీకాత్మక చిత్రణ అంటారు. లేమిని ఎలా చూపాలన్న తపాలా చిత్రకారుడి చిక్కుకు కృష్ణాతీరపు శిల్పి ఇచ్చిన ఈ జవాబు, అరువు తెచ్చుకున్న పావురం కంటే ఎన్నో రెట్లు పదునైనది.

కోనసీమలో అటువంటి రూపం వెతకదలచినవారికి మామిడికుదురు మండలంలోని ఆదుర్రు బౌద్ధ స్తూపం ఉంది. పై గుమ్మటం ఇప్పుడు లేదు, ఇటుకల కట్టడపు అడుగు భాగం మిగిలింది. దాని పునాది బండిచక్రం తీరున, మధ్యనుంచి అంచుకు సాగే ఆకుల వంటి గోడలతో ఉంటుంది. గోడల నడుమ మట్టి నింపి పైన గుమ్మటం నిలపడం ఆంధ్రదేశపు స్తూప నిర్మాణంలో తెలిసిన పద్ధతే, నాగార్జునకొండలోనూ ఇటువంటి పునాదులు బయటపడ్డాయి. అంటే ఇక్కడ ధర్మచక్రం అలంకారంగా చెక్కినది కాదు, బరువు మోయడానికి కట్టినది. ఆ ఇటుక రంగు చక్రాన్ని పైనుంచి చూసినట్టు, ఒక్క రంగులో, బిళ్లకు కుడివైపుకు జరిపి గీసి, ఎడమ సగాన్ని తెల్లగా వదిలేస్తే, గుండ్రని చక్రం పక్కన గుండ్రని ముద్ర పడటానికి చోటుంటుంది. సన్నని ఆకులను తక్కువ సంఖ్యలో గీయాలి, లేకుంటే పెద్ద కాగితం మీద ముచ్చటగా కనిపించినవే ఈ పరిమాణానికి కుదించగానే మసకబారతాయి. వెల అంకె ముద్ర కింద పడని మూలకు పోవాలి. హైదరాబాదు సంస్థానపు బిళ్లల మీద తెలుగు లిపికి చోటు దక్కినట్టే, ఈ బిళ్ల మీద ఆదుర్రు పేరు తెలుగులోనూ ఉండాలని పట్టుబట్టడం న్యాయం. ఆ మూడక్షరాలకు చక్రం అడుగున జాగా సరిపోతుంది.