చింతపండుకి లొంగని తుప్పు

ఈ వారం ఎవరో ఓ వీడియో పంపారు. తుప్పు పట్టిన కేకు డబ్బాని ఒకాయన రాత్రంతా వెనిగర్‌లో నానేసి, స్టీలు పీచుతో అద్దంలా తోమి "చూశారా!" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇంట్లో చింతపండు ఉండగా వెనిగర్ ఎందుకయ్యా? నా చింతపండు పిచ్చి ఈ కాలమ్ పాఠకులకి కొత్త కాదు.

సాక్ష్యం కావాలంటే మా అమ్మ గులాబీ పువ్వుల అచ్చు ఉంది. ఇనుపది, పొడుగు కాడ. ఏడాదికోసారి అటక దిగేది, దిగేసరికి ఎర్రటి పొడి రాలేది. మాది సముద్రం పక్క ఊరు, ఉప్పుగాలికి ఇనుము ఆగదు. అమ్మ దాన్ని చింతపండు పులుసులో కాసేపు ఉంచి, కొబ్బరి పీచుతో రుద్ది, కడిగిన వెంటనే పొయ్యి మీద పెట్టేది. పులుపుకి తుప్పు కరుగుతుంది. అక్కడితో వదిలేస్తే ఒట్టి ఇనుము గంటల్లోనే మళ్లీ ఎర్రబడుతుంది. అందుకని వేడి మీదే పల్చగా నూనె రాసేది. అది మాడి నల్లటి పొరగా గట్టిపడ్డాక ఇంకోసారి రాసేది. అప్పుడు కాగిన నూనెలో అచ్చు ముంచి, పిండిలో అంచు మునగకుండా దించి, మళ్లీ నూనెలో పెడితే పువ్వు దానంతటదే జారాలి. మొదటి రెండు మూడూ జారేవి కావు. "ఇంకా అలక తీరలేదురా దీనికి" అనేది అమ్మ. విరిగినవన్నీ పిల్లల వాటా కాబట్టి, ఆ అలక ఎన్నాళ్లున్నా మాకు అభ్యంతరం ఉండేది కాదు.

ఇంతకీ ఆ కేకు డబ్బా. పాతకాలపు డబ్బాలు చాలావరకు ఇనుప రేకుకి తగరం పూత పూసినవి. జింకు పూతైతే గీత పడ్డచోట తానే ముందు కరిగి ఇనుముని కాపాడేది. తగరానికి అంత త్యాగబుద్ధి లేదు. గీతలోకి తడి చేరిందంటే ఇనుమే ముందు పోతుంది. తోమినకొద్దీ పూత పోతుంది, పూత పోయినకొద్దీ తుప్పు. అచ్చులా నూనె పట్టించి నెట్టుకురావచ్చు గానీ, మడతల్లో దాగిన తుప్పుకి ఆ నూనె అందదు. వెనిగరా చింతపండా అన్న నా తగాదాకి ఇక్కడ అర్థమే లేదు.

పైపైన మచ్చయితే తుడిచి, బటర్ పేపర్ పరిచి వాడుకోండి. మూలల్లో గుంటలు పడితే మాత్రం పాతసామాన్లవాడికి ఇచ్చేయండి. అవును, పగిలిన జాడీకి సిమెంటు పూయించిన నేనే అంటున్నాను. కొత్తది అల్యూమినియంది కొనండి, ఎర్రతుప్పు పట్టదు. పులుపులో మాత్రం నానేయకండి, దాన్నీ తినేస్తుంది.