మొదటి ఎక్స్‌టెన్షను: ఒక మార్గదర్శిని గుణదోషములు

విజువల్ స్టూడియో కోడ్ అను ఎడిటరును మైక్రోసాఫ్ట్ సంస్థ 2015 ఏప్రిల్‌లో ప్రకటించినది. ఆ ఏటి నవంబరులో దాని మూలరచనను ఎవరైనను చదువుకొనుటకు, దిద్దుకొనుటకు వీలుగా బయటపెట్టినది. ప్రోగ్రాము వ్రాయువారికి ఎడిటరు వ్రాతబల్ల వంటిది. ఆ బల్లకు లేని సొరుగును ఎవరికి వారు అమర్చుకొనుటకు చేయు చిన్న ప్రోగ్రామే ఎక్స్‌టెన్షను. ఆ అమరికను నేర్పుటకు సంస్థవారు ప్రచురించిన ‘యువర్ ఫస్ట్ ఎక్స్‌టెన్షన్’ అను మార్గదర్శినియే ఈ విద్యకు మొదటి వాచకము. కరీంనగరు కళాశాల విద్యార్థి అయినను, ఆదిలాబాదు మన్నెములోని ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడైనను, కాలిఫోర్నియా ఇంజనీరైనను చదువవలసినది దానినే. ఒకే వాచకము ముగ్గురికిని సమముగా అక్కరకు వచ్చునా అనునది విచారింపదగిన విషయము.

ముందుగా గుణము చెప్పుట న్యాయము. ఈ మార్గదర్శిని చదువరిని సిద్ధాంతములతో విసిగింపదు. కొన్ని పరికరములను తెప్పించుకొమ్మనును. ఒక ఆజ్ఞ ఇమ్మనును. ఎఫ్5 మీట నొక్కుమనును. అంతట రెండవ కిటికీ ఒకటి తెరచుకొనును. దాని పేరు ఎక్స్‌టెన్షన్ డెవలప్‌మెంట్ హోస్ట్. మొదటి కిటికీలో వ్రాయుట, రెండవ దానిలో పరీక్షించుట. వ్రాసినది చెడినను చెడునది రెండవ కిటికీయే; మొదటి దానిలోని పని చెక్కుచెదరదు. రసాయనశాలలో కొత్త మిశ్రమమును పెద్ద పాత్రలో గాక పరీక్షనాళికలో కలిపి చూచునట్టి ఏర్పాటు ఇది. ఈ ఏర్పాటును మాటలతో వర్ణింపక, మీట నొక్కించి కంటికి చూపుట మెచ్చదగిన బోధనాపద్ధతి.

చిక్కు అంతకు ముందే మొదలగును. ఆ మీట నొక్కుటకు ముందు నోడ్.జేఎస్, గిట్ కావలెను. తరువాత యోమన్ అను సాధనమును, కొత్త ఎక్స్‌టెన్షనుకు అచ్చు తీసియిచ్చు జనరేటరును అంతర్జాలమునుండి రప్పింపవలెను. ఆ జనరేటరు టైప్‌స్క్రిప్ట్ భాషను, దానితోపాటు మరికొన్ని పొట్లములను దించుకొనును. ఒక్కొక్క పొట్లము వేరొక పొట్లముపై ఆధారపడియుండును. ఈ గొలుసు ఎంత పెళుసైనదో 2016 మార్చిలో లోకమునకు తెలిసివచ్చినది: లెఫ్ట్-ప్యాడ్ అను పదునొకండు పంక్తుల పొట్లమును దాని కర్త ఉపసంహరింపగా, దానిపై ఆధారపడిన అనేక ప్రోగ్రాముల నిర్మాణము ఒక్కసారిగా ఆగిపోయినది. సంకేతము వచ్చుచు పోవుచుండు ఊరిలో, గంటసేపు మాత్రమే యంత్రము దొరకు విద్యార్థికి ఆ గంట ఇందులోనే గడచిపోవును. అతడు తనకు తెలివి చాలదనుకొని లేచిపోవును. అసలు లోపము తెలివిలో కాదు, పాఠము మొదలైన చోటులో కలదు.

ఏలయనగా, ఈ సరంజామా అంతయు మొదటి పాఠమునకు అవసరమే లేదు. ఎడిటరు ఒక్కటి యంత్రములో ఉండిన చాలును. నోడ్ దాని పొట్టలోనే ఉన్నది. ఒక సంచిలో రెండు ఫైళ్లు వ్రాసికొనవచ్చును. ఒకటి ప్యాకేజ్.జేసన్, రెండవది సాధారణ జావాస్క్రిప్టులో వ్రాసిన ఎక్స్‌టెన్షన్.జేఎస్. ఎడిటరును తెరచు ఆజ్ఞకు రెండు చిన్న గీతలతో ఎక్స్‌టెన్షన్‌డెవలప్‌మెంట్‌పాత్ అను గుర్తును, దాని వెంట సంచి యొక్క పూర్తి చిరునామాను చేర్చినచో పరీక్షా కిటికీ తెరచుకొనును. ఆ గుర్తును ఇంగ్లీషు లిపిలో ఖాళీలు లేకుండ, నడుమనున్న డి, పి అను రెండక్షరములను పెద్దవిగా వ్రాయవలెను. దించుకొనవలసినది ఏమియు లేదు, అనువదింపవలసినది ఏమియు లేదు. మార్గదర్శిని ఈ దగ్గరి దారిని మొదటి పాఠములో చూపకుండుట పెద్ద కొరత.

టైప్‌స్క్రిప్టు వలన లాభము లేదని కాదు. అక్షరదోషములను అది ముందే పట్టియిచ్చును. రచన పెరిగినకొలది దాని విలువ తెలియును. కాని అది రెండవ నెల పాఠము. అప్పుడైనను బడిలోని ఒక యంత్రములో మాత్రము పొట్లములన్నియు దింపి, నోడ్ మాడ్యూల్స్ అను సంచితో సహా అదే జాతి యంత్రములకు నకలు చేసికొనవచ్చును.

రెండు ఫైళ్ల సంబంధమును కరీంనగరు వెండి తీగెపనిని చూచినవారికి తేలికగా చెప్పవచ్చును. ఫిలిగ్రీ పనివాడు మొదట గట్టి తీగెతో చట్రము కట్టును. తరువాత సన్నని తీగెలను మెలివేసి ఆ చట్రములో నింపును. ప్యాకేజ్.జేసన్ చట్రము. ఎక్స్‌టెన్షను పేరు, సంచిక, ప్రచురణకర్త, ఏ ఫైలుతో పని ఆరంభమగును, ఏ ఆజ్ఞలను చేర్చుచున్నది అనునవి అందుండును. రెండవ ఫైలులోని యాక్టివేట్ అను ఫంక్షను తీగెపని. రిజిస్టర్‌కమాండ్ అను పిలుపుతో ఆజ్ఞకు చేయవలసిన పని అందులో ముడివేయబడును. చట్రములో వ్రాసిన ఆజ్ఞ పేరును, ఇచ్చట ముడివేసిన పేరును అక్షరము తేడా లేకుండ ఉండవలెను. తేడా వచ్చినచో ఆజ్ఞ జాబితాలో కనబడును గాని, ఎంచుకొన్నప్పుడు అట్టి ఆజ్ఞ లేదని ఎడిటరు చెప్పును. మొదటి దినములలో విద్యార్థిని తికమకపెట్టు దోషము ఇదే.

ఇంకొక దోషమునకు కారణము ఇంజిన్స్ అను పద్దు. ఎడిటరు ఏ సంచిక మొదలుకొని ఈ ఎక్స్‌టెన్షను పనిచేయునో అందు వ్రాయుదురు. జనరేటరు అందులో ఇటీవలి సంచికను వ్రాయును. బడిలోని యంత్రములో పాత సంచిక ఉన్నచో ఎక్స్‌టెన్షను మేల్కొనదు; ఆజ్ఞయే కనబడదు. మార్గదర్శిని ఈ సంగతిని ఒక వాక్యములో హెచ్చరించి విడిచినది. ఎప్పటికప్పుడు కొత్త సంచిక తెచ్చుకొను వానికి ఆ వాక్యము అక్కరలేదు. పాత యంత్రముల గదికి అది పుట మొదట పెద్ద అక్షరములలో ఉండవలసినది.

అన్నిటికంటె ఎక్కువగా చర్చింపదగినది పాఠమునకు ఎంచుకొన్న ఉదాహరణము. ‘హలో వరల్డ్’ అని తెరపై చూపుట, ఆ మాటను మార్చి మరల చూచుట: ఇంతటితో పాఠము ముగియును. ఆ మాటను ‘నమస్కారం’ అని మార్చినను చక్కగా కనబడును. అక్కడ ఆగినచో ఎడిటరుకు అన్ని లిపులును సమానమేయను భ్రమ మిగులును. లెక్కపెట్టు పని పెట్టిచూచిన గాని నిజము బయటపడదు.

ఆదిలాబాదు జిల్లాలోని గుంజాల గ్రామములో గోండి లిపి వ్రాతప్రతులు లభించినవి. గుంజాల గోండి అను పేర ఆ లిపి 2018లో యూనికోడు 11వ సంచికలో చేరినది. తెలుగు ‘క’ అక్షరమునకు యూనికోడు సంఖ్య 3093. గుంజాల గోండికి కేటాయించిన వరుస 73056 వద్ద మొదలగును. జావాస్క్రిప్టు అక్షరమాలను 16 బిట్ల గదులలో దాచును. ఒక్క గదిలో పట్టు మిక్కిలి పెద్ద సంఖ్య 65535. కావున ‘క’ ఒక గదిలో ఇమిడిపోవును. గోండి అక్షరములలో ప్రతిదానికిని రెండేసి గదులు కావలెను. మాట పొడవెంత అని అడిగినచో వచ్చు జవాబు గదుల లెక్కయే గాని అక్షరముల లెక్క కాదు. ‘తెలుగు’ అను మాటకు గుణింతపు గుర్తులతో కలిపి 6 వచ్చును. మనము చదువునవి మూడక్షరములు. గోండిలో ఒక హల్లు, ఒక అచ్చు గుర్తు చేరిన ఒకే అక్షరమునకు 4 వచ్చును.

ఎడిటరు కర్సరు స్థానమును ఎక్స్‌టెన్షనుకు తెలుపునదియు ఈ గదుల లెక్కలోనే. ఇది తెలియనివాడు గోండి పాఠములో ఒక అక్షరమును తుడుచు ఆజ్ఞ వ్రాసినచో అది అక్షరమును నడిమికి చీల్చవచ్చును. మిగిలిన సగమునకు అర్థముండదు. ఇంగ్లీషులో పదిసార్లు పరీక్షించినను ఈ తప్పు కనబడదు. గోండి పిల్లలకొరకు చదువు పనిముట్టు చేయబూనిన ఉపాధ్యాయుని చేతిలో మాత్రము మొదటి దినమే బయటపడును.

మార్గదర్శిని రెండవ ఉదాహరణముగా, ఎంచుకొన్న మాటలోని యూనికోడు గుర్తులను లెక్కించు ఆజ్ఞ నొకదానిని ఇచ్చియుండవచ్చును. పొడవు అడుగుటకు బదులు ఫర్-ఆఫ్ వలయముతో ఒక్కొక్క గుర్తును తీసికొన్నచో రెండు గదుల అక్షరము ఒకటిగానే వచ్చును. పరీక్షా ఫైలులో ఒక పంక్తి ఇంగ్లీషు, ఒకటి తెలుగు, ఒకటి గోండి ఉంచిన చాలును. గోండి పంక్తి డబ్బాలుగా కనబడినచో తప్పు ప్రోగ్రాములో లేదు, యంత్రములో ఆ లిపి ఫాంటు లేదన్నమాట. నోటో సాన్స్ గుంజాల గోండి అను ఫాంటు ఉచితముగా లభించును.