మైదానానికి రాకముందే మొదలయ్యే శిక్షణ

వాలీబాల్‌లో బంతిని చేత పట్టి ఆపుకునే వీలు లేదు. బ్లాక్‌ను మినహాయిస్తే ఒక జట్టు మూడు స్పర్శల్లోపే దాన్ని వల దాటించాలి, ఒకే ఆటగాడు వరుసగా రెండుసార్లు తాకరాదు. అందువల్ల స్మాష్ కొట్టేవాడి బలం సెట్టర్ ఎత్తి ఇచ్చిన బంతి మీద, సెట్టర్ నేర్పు సర్వీసును అందుకున్నవాడి అడుగుల మీద ఆధారపడతాయి. సర్వీసు చేతికి వచ్చిన ప్రతిసారీ ఆటగాళ్లు ఒక స్థానం ముందుకు జరగవలసి ఉన్నందున, అలసిన మనిషిని ఒక మూల దాచిపెట్టడమూ కుదరదు. ఒకరి స్థితి ఇంతగా మరొకరి ఆటలోకి పాకే క్రీడకు, శరీరాన్ని, మనసును, తిండిని, నిద్రను, ఇంటి పరిస్థితిని ఒకే లెక్కలోకి తీసుకునే శిక్షణ, అంటే సమగ్ర శిక్షణ, అత్యంత సహజమైనది. అది జాతీయ శిబిరాలకూ ప్రయోగశాలలకూ చెందిన విద్య అనే అభిప్రాయం మాత్రం సరికాదు. తెలంగాణలోని యాచారం వంటి మండల కేంద్రంలోనే దాని అవసరం ఎక్కువ.

నాగార్జునసాగర్ రహదారి మీది ఈ ప్రాంతంలో సాయంత్రం కోర్టులోకి దిగే యువకుడు పగలంతా వరి మడిలోనో కూరగాయల తోటలోనో పనిచేసి ఉండవచ్చు, లేదా కాలేజీ బస్సులో నిలబడి తిరిగి వచ్చి ఉండవచ్చు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఊరూరా ప్రారంభించిన క్రీడా ప్రాంగణాలు ఆటకు చోటు చూపాయి గానీ, ఆ చోటికి చేరేసరికి ఆటగాడి ఒంట్లో ఎంత సత్తువ మిగిలిందో కనిపెట్టవలసినవాడు శిక్షకుడే. దీనికి క్రీడాశాస్త్రంలో ఖర్చులేని పద్ధతి ఒకటి ఉంది. సాధన ముగిశాక ఎంత కష్టంగా అనిపించిందో సున్నా నుంచి 10 వరకు ఒక అంకె చెప్పమని అడిగి, దాన్ని సాధన చేసిన నిమిషాలతో గుణిస్తారు. 60 నిమిషాల సాధనకు ఆటగాడు 7 చెబితే ఆనాటి భారం 420. అమెరికా శాస్త్రవేత్త కార్ల్ ఫోస్టర్ ప్రచారంలోకి తెచ్చిన ఈ లెక్కలో నాట్లు వేసిన గంటలకూ, మూటలు మోసిన గంటలకూ చోటు కల్పించడం ఊరి శిక్షకుడు అదనంగా చేయవలసిన పని.

కఠోర సాధనను సమర్థించేవారికి 1964 టోక్యో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జపాన్ మహిళల జట్టు మంచి ఆధారంగా కనిపిస్తుంది. శిక్షకుడు హిరోబుమి దైమాత్సు ఆధ్వర్యంలో ఆ జట్టు క్రీడాకారిణుల్లో అత్యధికులు పగలు నిచిబో వస్త్ర కంపెనీలో ఉద్యోగం చేసి, అర్ధరాత్రి దాకా సాధన చేసేవారు. అయితే వారి ఉద్యోగం, బస, సాధన అన్నీ ఒకే సంస్థ నీడలో సాగేవన్న సంగతిని పక్కన పెట్టి, ఆ కాఠిన్యాన్ని మాత్రమే అరువు తెచ్చుకోవడం అన్యాయం.

ఆ అన్యాయం ముందుగా బయటపడేది మోకాలిలో. మోకాలిచిప్పను కాలి ఎముకతో కలిపే స్నాయువు పదేపదే ఎగరడం వల్ల దెబ్బతిని నొప్పి పెట్టడాన్ని జంపర్స్ నీ అంటారు. 2005లో వెలువడిన నార్వే అధ్యయనం అగ్రశ్రేణి పురుష వాలీబాల్ ఆటగాళ్లలో సుమారు 45 శాతం మందిలో దీన్ని గుర్తించింది. చెక్క నేల మీద ఆడేవారి సంగతే ఇలా ఉంటే, గట్టిపడిన మట్టి కోర్టులో పలుచని అడుగు బూట్లతో దిగేవారి మోకాళ్ల గురించి మరింత జాగ్రత్త అవసరం. వారమంతా ఆటకు దూరంగా ఉండి, పండగ టోర్నమెంటులో ఒక్కరోజే మ్యాచి మీద మ్యాచి ఆడటం స్నాయువుకు అన్నిటికన్నా చెడ్డది, ఎందుకంటే స్నాయువు క్రమంగా పెరిగే భారానికి అలవాటు పడగలదు గానీ హఠాత్తుగా మీదపడిన భారాన్ని తట్టుకోలేదు. ఎగిరిన లెక్క రాసిపెట్టి, టోర్నమెంటుకు కొన్ని వారాల ముందు నుంచి మెల్లగా పెంచి, చివరి వారంలో తగ్గించడం ఏ పరికరమూ లేకుండా జరిగే పని.

శిక్షణలో ఇంటివారి పాత్రకు తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఒక వాలీబాల్ ఇల్లే. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టు సభ్యుడు పి.వి.రమణ, వాలీబాల్ క్రీడాకారిణి పి.విజయ దంపతుల కుమార్తె పి.వి.సింధు బ్యాడ్మింటన్‌లో ఎదిగింది. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు రమణ రైల్వే ఉద్యోగానికి సెలవు పెట్టి కుమార్తె సాధనకు తోడుగా నిలిచాడు. అంతటి వెసులుబాటు ఊళ్లో ఎవరికీ ఉండదు, నిజమే. అయినా సాధన రోజుల్లో పొలం పనిని ఒక గంట ముందుగా ముగించడానికి తండ్రిని ఒప్పించడం, గంటసేపు స్మాష్‌లు కొట్టించడం కన్నా ఎక్కువ మేలు చేసే సందర్భాలు ఉంటాయి.

అమ్మాయిల జట్టు విషయంలో ఈ దృష్టి మరీ అవసరం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో తెలంగాణ మహిళల్లో సగానికి పైగా రక్తహీనత కనిపించింది. రక్తంలో హిమోగ్లోబిన్ తగ్గితే కండరాలకు ప్రాణవాయువు చాలదు, మూడో సెట్‌కే కాళ్లు బరువెక్కుతాయి. అటువంటి అమ్మాయిని బద్ధకస్తురాలని గద్దించి మైదానం చుట్టూ పరుగెత్తించే శిక్షకుడు, తెలియకుండానే అయినా, హాని చేస్తున్నాడు. సీజన్ మొదట్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష, డాక్టరు చెబితే ఐరన్ మాత్రలు, సాధన తర్వాత ఉడికించిన గుడ్డు, పల్లీపట్టి, నెలసరి రోజుల్లో అడగకుండానే దొరికే వెసులుబాటు, ఇవన్నీ సర్వీసు సాధనతో సమానంగా శిక్షణ ప్రణాళికలో ఉండాలి. సాధన వేళను కూడా శిక్షకుడి తీరికను బట్టి కాక, చివరి అమ్మాయి చీకటి పడకముందే ఇల్లు చేరే సమయాన్ని బట్టి నిర్ణయించాలి. లేకపోతే పెళ్లి మాటలు మొదలయ్యే వయసులో ఇంటివాళ్లు ముందుగా మాన్పించేది ఆటనే.