కోటాసారస్‌ను చూచే తీరు

సెలవు దినాలలో పిల్లలను వెంటబెట్టుకొని ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలకు పోవడం మెచ్చదగిన అలవాటు. అయితే అక్కడ గడిపిన గంటలో ఆ కుటుంబం చూచినదెంత, గ్రహించినదెంత అన్నది వేరే ప్రశ్న. హైదరాబాదులోని బిర్లా సైన్సు మ్యూజియంలో నిలిపిన కోటాసారస్ అస్థిపంజరాన్ని నిదర్శనంగా తీసుకొని ఈ ప్రశ్నను విచారింతము.

ఈ జంతువు మనకు పరాయిది కాదు. ప్రాణహిత ఒడ్డున కోట అనే గ్రామం ఉన్నది. ఆ ప్రాంతపు జురాసిక్ యుగపు రాతిపొరలకు ఆ ఊరి పేరే వచ్చినది. ఆ పొరలలో, యామనపల్లి వద్ద, భారత భూగర్భ సర్వేక్షణ శాఖవారు 1970ల దశకంలో ఈ ఎముకలను తవ్వితీశారు. అవి 12 జంతువులవని లెక్కతేలినది. 1988లో పి. యాదగిరి ఈ జంతువుకు కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఆ విధంగా ఒక తెలుగు పల్లె పేరు ప్రపంచ జంతుశాస్త్రంలో స్థిరపడినది.

దాదాపు 44 అడుగుల పొడవు, 16 అడుగుల ఎత్తు గల ఆ ఆకారం ముందు ఎవరైనా ఆగిపోతారు. ఆగడం మంచిదే. కాని చాలామంది చూపు ఆ పరిమాణం దగ్గరే ఆగిపోతుంది. "ఎంత పెద్దదో!" అనుకొని ఒక ఫోటో తీసుకొని ముందుకు సాగుతారు. ఆశ్చర్యం విజ్ఞానానికి వాకిలి మాత్రమే. వాకిట నిలబడి ఇల్లంతా చూచితిమనుకోరాదు.

మొదటి చిక్కు మనం వాడే మాటలోనే ఉన్నది. 1842లో రిచర్డ్ ఓవెన్ గ్రీకు పదాలతో కల్పించిన పేరుకు "భయంకరమైన బల్లి" అని అర్థం. దానిని మనం రాక్షసబల్లి అన్నాము. కాని ఇది బల్లి కాదు. దీని కాళ్లు శరీరం కిందికి స్తంభాల వలె నిటారుగా దిగుతాయి. గోడమీది బల్లి కాళ్లు పక్కలకు చాచి ఉంటాయి. డైనోసారులకు నేడు బతికియున్న వారసులు పక్షులే. మాట మార్చలేకపోయినా, కాళ్లను పోల్చి చూడమని పిల్లవానికి చెప్పవచ్చును. ఇంటికి వచ్చి గోడవైపు చూస్తే పరీక్ష వాడే పూర్తిచేసుకుంటాడు.

రెండవది ఇంతకంటె ముఖ్యమైనది. యామనపల్లిలో పుర్రె దొరకలేదు. తలకు సంబంధించి దొరికినవి 2 దంతాలు మాత్రమే. కనుక ఏ కోటాసారస్ ప్రతిమకైనా తల సాటి జంతువులను బట్టి ఊహించి చేసినదే కావలెను. "ఇది నిజం ఎముకేనా?" అని పిల్లలు తప్పక అడుగుతారు. ఆ ప్రశ్నకు పెద్దలు తేలికగా అవునని తలూపుతారు. ఇందుకు పెద్దలనే తప్పుపట్టి ప్రయోజనం లేదు. దొరికిన ఎముక ఏదో, పూరించిన భాగం ఏదో రంగుభేదంతో చూపే పద్ధతి ప్రపంచంలో అనేక ప్రదర్శనశాలలలో ఉన్నది. ప్రతి ప్రదర్శనశాలా దానిని పాటించవలెను.

ఊహించినదని చెబితే చూచేవారి ఉత్సాహం చల్లారుతుందని కొందరి భయం. అది సరికాదు. 2 దంతాలను బట్టి తల ఎట్లా ఊహించారు, 12 జంతువుల ఎముకలలో ఏది ఏ అవయవానిదో ఎట్లా నిర్ణయించారు అన్న కథ 44 అడుగుల పొడవుకంటె గొప్పది. పొడవు జంతువు ఘనత. ఆ నిర్ణయం మానవుని ఘనత. తెలిసినదానికీ ఊహించినదానికీ నడుమ గీత గీయడమే శాస్త్రదృష్టి. ఆ గీత కనబడకపోతే పిల్లవానికి అస్థిపంజరమూ, కాగితపు గుజ్జుతో చేసిన బొమ్మా ఒకటే అవుతాయి.

కాబట్టి మ్యూజియానికి పోయే తల్లిదండ్రులు అన్ని గదులూ తిరగవలెనని ఆరాటపడనక్కరలేదు. ఒక్క జంతువు ముందు అరగంట నిలిచి, "ఇది మనకు ఎట్లా తెలిసింది?" అని పిల్లలతో కలసి ప్రశ్నించుకొంటే చాలును. ఆ ప్రశ్నకు సమాధానం పక్కనే వ్రాసిపెట్టడం ప్రదర్శనశాల విధి.