మైకు కంటే ముందు చెవి

ఇప్పుడు హోమ్ థియేటర్ రిసీవర్ కొంటే చాలావాటికి పెట్టెలోనే ఓ చిన్న మైకు వస్తోంది. దాన్ని మనం కూర్చునే చోట పెడితే స్పీకర్లు ఒక్కొక్కటీ కూత పెడతాయి. ఆ కూతలు విని ఆడిస్సీయో, స్వీడన్‌వాళ్ల డిరాకో అనే సాఫ్ట్‌వేర్ లెక్క కట్టి శబ్దాన్ని సరిచేస్తుంది. మంచి పనిముట్టే. కానీ పెట్టె విప్పగానే దాన్ని నడిపేసి, ఇక గది పని అయిపోయిందనుకోవడం చూస్తే నాకు బాధేస్తుంది. చెవి పని ముగిశాకే దాని వంతు.

14 అడుగుల గదిలో దాదాపు 40 హెర్ట్జ్ శబ్దం ఎదురెదురు గోడల మధ్య చిక్కుకుపోతుంది. గోడకు ఆనుకుని కూర్చుంటే గుయ్యిమని మోగుతుంది, గది నడిమధ్యలో ఇంచుమించు మాయమవుతుంది. మోతను యంత్రం తగ్గించగలదు. మాయమైన చోట మాత్రం ఎంత పెంచినా గోడ నుంచి తిరిగొచ్చే అల కూడా అంతే పెరిగి దాన్ని కొట్టేస్తుంది. ఆంప్లిఫయర్‌కు శ్రమే మిగులుతుంది. అక్కడ సోఫాను రెండడుగులు వెనక్కి జరపడమే మందు.

సబ్‌వూఫర్‌కు చోటు వెతికే పాత పద్ధతి నాకెంతో ఇష్టం. ముందు దాన్ని తెచ్చి మనం కూర్చునే చోటే పెట్టాలి. ఇళయరాజా పాటొకటి, బేస్ గిటార్ బాగా నడిచేది, మళ్లీ మళ్లీ వేస్తూ గోడ వెంబడి మోకాళ్ల మీద పాకుతూ వినాలి. మూలన స్వరాలన్నీ ఒకే మోతలో కలిసిపోతాయి. కాస్త పక్కకు జరిగితే ఏ స్వరానికా స్వరం విడిగా, సమానమైన బరువుతో వినిపించే చోటొకటి దొరుకుతుంది. సబ్‌వూఫర్ అక్కడికి పోవాలి. ఇక్కడి శబ్దం అక్కడ ఎలా వినపడుతుందో, అక్కడిది ఇక్కడా అలాగే వినపడుతుంది కాబట్టి ఈ కిటుకు పనిచేస్తుంది.

ముందువైపు స్పీకర్లకు మోనో పాట కావాలి. 1957 నాటి మాయాబజార్ పాటలు బాగా పనికొస్తాయి. ఘంటసాల గొంతు రెండు స్పీకర్లకూ సరిగ్గా మధ్యన, ఒక్క చోట నిలవాలి. ఓ పక్కకు లాగుతుంటే ఆ వైపు గోడో బీరువానో దగ్గరైందన్నమాట. వెడల్పుగా పరుచుకుంటే స్పీకర్లను మనవైపు కొద్దికొద్దిగా తిప్పుతూ వినాలి. తర్వాత ఒకరు పక్కగోడ మీద అద్దం జరుపుతుంటే, కూర్చున్నవారికి అందులో స్పీకర్ కనిపించిన చోట దళసరి తెరో పుస్తకాల అలమరో పెట్టాలి. టైల్స్ నేల, బోసి గోడలున్న మన గదుల్లో చప్పట్లు కొడితే వచ్చే ఆ టరటర మోతను ఏ ఫిల్టరూ తీయలేదు.

చెవికీ బలహీనత ఉంది. ఉబ్బిన బేస్‌కు వారంలో అలవాటు పడిపోతుంది. అందుకే కింది స్వరాల లెక్క యంత్రానికి వదలాలి, అదీ 300 హెర్ట్జ్ లోపలే. ఆపైన స్పీకర్ నుంచి నేరుగా వచ్చేదాన్నీ, గోడ తిప్పికొట్టినదాన్నీ మన చెవి వేరుచేసుకుంటుందని ధ్వని శాస్త్రవేత్త ఫ్లాయిడ్ టూల్ ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. మైకు ఆ రెంటినీ కలిపి కొలిచి, బాగున్న స్పీకర్‌ను కూడా దిద్దబోతుంది. యంత్రం పని అయ్యాక అదే ఘంటసాల పాట మళ్లీ వేసి వినండి. గొంతు పలచబడిందా, ఆ 300 హెర్ట్జ్ హద్దును ఇంకాస్త కిందికి దించండి.